పంజాబీ పాట: పాతగొంతు, కొత్తలయ

ఒక ప్రాంతపు పాట మరొక ఖండపు లయతో కలిసినప్పుడు రసికలోకం సాధారణంగా రెండు పక్షాలుగా చీలుతుంది. ఒక పక్షానికి అది సాంకర్యదోషం. రెండవ పక్షానికి అది యుగధర్మం. పంజాబీ పాట ర్యాప్‌తోను, క్లబ్బులలో మ్రోగే యంత్రలయతోను జత కట్టిన ఈ నలభై ఏళ్ళలో జరిగిన వాదోపవాదాలు చాలావరకు ఈ రెండు కొసల నడుమనే ఊగిసలాడినవి. సంప్రదాయం చెడిపోయినదని వగచినవారు ఆ సంప్రదాయంలో ఏమున్నదో విప్పి చూపలేదు. కొత్తదనాన్ని మెచ్చినవారు ఆ కొత్త పాటలో మాట ఏమి చెప్పుతున్నదో చెవి ఒగ్గి వినలేదు. శ్రుతిలయల తారతమ్యాన్ని సంగీతజ్ఞులు నిర్ణయింతురు గాక. సాహిత్య విమర్శ అడుగవలసిన ప్రశ్న వేరొకటి ఉన్నది. ఈ కలయికలో పద్యపాదం బ్రతికి ఉన్నదా, లేక గొంతు మాత్రమే మిగిలి మాట జారిపోయినదా?

ముందుగా సంప్రదాయ కంఠమనగా ఏమిటో తెలిసికొనవలె. అది ఏకశిల కాదు. 1766లో వారిస్ షా పూర్తి చేసిన 'హీర్' కావ్యం గ్రామగ్రామాన రాగయుక్తంగా పాడుకొనబడుతూ వచ్చినది. బుల్లే షా కాఫీలు దర్గాలలో నిలిచినవి. ఢడ్ అనే చిన్న డమరుకాన్ని, సారంగిని పట్టుకొని వీరగాథలు వినిపించే ఢాడీలది ఒక శాఖ. ఆ గాథలకు 'వార్' అని పేరు. 1739 నాటి నాదిర్ షా దండయాత్రను నజాబత్ కవి ఇట్టి వార్‌గానే కట్టినాడు. దీర్ఘపాదాలతో, తారస్థాయిలో సాగే 'కలీ' మరొక శాఖ. మొన్నటి తరంలో కుల్దీప్ మాణక్ దీనిని సామాన్యజనుల చెంతకు తెచ్చినాడు. ఇక స్త్రీలవి పెండ్లింట పాడే సుహాగ్‌లు, గిద్ధా నృత్యంలో పలికే బోలీలు. మూడు పాదాల మాహియాలో మొదటి పాదానికి తరచు భావసంబంధమే ఉండదు. అది ప్రాసకు పీట వేసి తప్పుకొంటుంది. భక్తుని గొంతు వేరు, వీరగాథకుని గొంతు వేరు, పెండ్లి పందిట్లో ముత్తైదువ గొంతు వేరు. సంప్రదాయాన్ని ఆధునికలయతో కలిపినామని చెప్పేవారు ఏ గొంతును తీసికొన్నారో మొదట చూడవలె.

వీటిలో కొత్తలయకు అన్నింటికంటె సులభంగా లొంగినది బోలీ. దీనికి కారణం దాని నిర్మాణంలోనే ఉన్నది. గిద్ధాలో స్త్రీలు వలయంగా నిలుస్తారు. ఒకతె బోలీని ఎత్తుకొంటుంది. ఆమె పలుకుతున్నంతసేపు వాద్యం అణగి ఉంటుంది. చప్పట్లు సన్నగా సాగుతాయి. మాట స్పష్టంగా వినబడవలెనన్నది అక్కడి నియమం. అత్తగారిపై ఎత్తిపొడుపో, దూరదేశంలో ఉన్న సిపాయి మగనిపై నిష్ఠూరమో ఆ ఒకటి రెండు పాదాలలో ఇమిడిపోతుంది. కడపటి పాదం రాగానే అందరూ ఆ పాదాన్ని అందుకొంటారు. డోలక్ ఒక్కసారిగా విజృంభిస్తుంది. ఇద్దరు నడుమకు వచ్చి ఆడుతారు. అనగా మొదట మాట, పిమ్మట లయ. లయను బిగబట్టి, మాట పూర్తి అయిన క్షణంలో విడిచిపెట్టడమే బోలీ శిల్పం. నేటి క్లబ్బు సంగీతంలో లయను కొంతసేపు ఆపి, శ్రోతలను ఊరించి, మందస్థాయి దెబ్బతో సహా తిరిగి వదలివేసే పద్ధతి ఒకటి ఉన్నది. ఆ రంగంలోనివారు దానిని 'డ్రాప్' అంటారు. ఈ రెండింటికీ చుట్టరికం కల్పించిన శాస్త్రకారుడు ఎవడూ లేడు; కాని మాల్వా ఊళ్ళలో బోలీలు విని పెరిగిన చెవికి ఆ పద్ధతి పరాయిదిగా తోచకపోవడంలో వింత లేదు. కలయికకు పునాది ఇక్కడ ఉన్నది.

రెండవ పునాది భాషలోనిది. భారతీయార్యభాషలలో పంజాబీకి ఒక విశేషం ఉన్నది. పదాదిని ఉండవలసిన ఘ, ఝ, ఢ, ధ, భ అనే వర్ణాలు అందులో తమ మహాప్రాణత్వాన్నీ నాదాన్నీ పోగొట్టుకొని, దానికి బదులుగా అచ్చు యొక్క స్వరాన్ని దిగువకు లాగుతాయి. 'ఘోడా' అని వ్రాసినది దిగువస్వరంతో 'కోడా' అని వినబడుతుంది. 'భాంగ్‌డా' అన్న నృత్యనామమే పంజాబీవాని నోట 'పాంగ్‌డా'కు దగ్గరగా పలుకుతుంది. మాటకు మాటే ఒక స్వరరేఖను మోసికొని తిరిగే భాష ఇది. కృతి వంటి విస్తారమైన రాగరచనలో ఆ పలుకుబడి స్వరం కొంత రాగానికి లోబడక తప్పదు. ర్యాప్ పాటకును సంభాషణకును నడుమ నిలిచిన ప్రక్రియ గనుక పలుకుబడికి అందులో ఎక్కువ చోటు దొరుకుతుంది. మంచి పంజాబీ ర్యాప్ వినేటప్పుడు పాటలో మాటల సహజమైన ఎత్తుపల్లాలు చెవికి తగిలి ఆహ్లాదం కలిగించడానికి హేతువు ఇది. పంజాబీ గేయం అంత్యప్రాసను నమ్ముకొన్నది. ర్యాప్ పాదమధ్యంలో కూడ ప్రాసను గుప్పిస్తుంది. ప్రాసయతిని, అంతఃప్రాసలను ఎరిగిన తెలుగు చెవికి ఈ వైచిత్రి అపరిచితం కానక్కరలేదు.

ఈ కలయిక పంజాబ్ పొలాలలో మొదలు కాలేదు; పడమటి పారిశ్రామిక నగరాలలో మొదలైనది. ఇంగ్లండుకు వలసపోయిన పంజాబీ శ్రామికుల పెండ్లిళ్ళలో 1970లలో బృందగానాలు ఆరంభమైనవి. సౌతాల్‌కు చెందిన ఆలాప్ బృందం ఢోల్ ప్రక్కన విద్యుద్వాద్యాలను నిలిపినది. 1980లలో ఆ కుటుంబాల బిడ్డలకు రాత్రివేళ నృత్యశాలలకు పోవుటకు పెద్దల అనుమతి దొరకకపోవడం వల్ల పట్టపగలే క్లబ్బులు తెరిచి భాంగ్రా సభలు జరుపుకొన్నారు. వారి ఇరుగుపొరుగున కరీబియన్ దీవులనుండి వచ్చిన కుటుంబాలున్నవి. వారి రెగె, అమెరికానుండి వచ్చిన హిప్‌హాప్ వీధులలోనే వినబడుతున్నవి. బర్మింగ్‌హామ్‌లోని హాండ్స్‌వర్త్‌లో పెరిగిన స్టీవెన్ కపూర్, 'అపాచీ ఇండియన్' అనే పేరుతో, జమైకా యాసను పంజాబీ మాటలతో కలిపి 1993లో 'నో రిజర్వేషన్స్' అనే సంపుటిని వెలువరించినాడు. ఆ పిల్లలకు ఇది ప్రయోగం కాదు. ఇంటిలో ఒక భాష, వీధిలో ఒక లయ గల జీవితాన్ని ఉన్నది ఉన్నట్లు పాడుకోవడమే.

ఇట్టి పాటలలో లోకమంతా విన్నది 'ముండియాఁ తోఁ బచ్ కే'. కవెంట్రీ నగరానికి చెందిన పంజాబీ ఎమ్.సి. దీనిని 1998లో తన సంపుటిలో కూర్చినాడు; పాడినవాడు లాభ్ జంజువా. తరువాత జర్మనీలో ప్రాకి, 2003 జనవరిలో బ్రిటిష్ విక్రయపట్టికలో 5వ స్థానాన్ని అందుకొన్నది. ఇందులో ఒంటితీగ తుంబీ మీద ఒక చిన్న పలుకు పదే పదే తిరుగుతుంది. దాని అడుగున 'నైట్ రైడర్' అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికలోని మందస్థాయి స్వరపంక్తి సాగుతుంది. పాటలోని విషయం పాతదే: అప్పుడప్పుడే వయసుకు వస్తున్న పిల్లకు, కుర్రవాళ్ళ కంట పడకుండ జాగ్రత్తగా ఉండుమని చేసే హెచ్చరిక. హెచ్చరిక రూపంలో ఆమె సౌందర్యాన్ని పొగడటం జానపదకవికి తెలిసిన పాత చమత్కారం.

కూర్పరి ఇక్కడ చేసిన మంచిపని ఒకటి ఉన్నది. అతడు చరణాన్ని తెగగొట్టలేదు. జంజువా ఊపిరి ఎక్కడ ఆగునో అక్కడనే లయ మలుపు తిరిగినది. తుంబీ ఆ గొంతుకు ఇంటి వాద్యమే గనుక పరాయి స్వరపంక్తికిని పాటకును నడుమ దుబాసిగా నిలిచినది. పాట మొత్తం విన్నవానికి పిల్ల ఎవరో, హెచ్చరిక ఏమిటో తెలుస్తుంది. 2003లో అమెరికన్ ర్యాపర్ జే-జీ ఇదే కూర్పుపై తన చరణాలను చేర్చినాడు. వాటిలో నృత్యశాల ముచ్చటలతోపాటు ఇరాక్ యుద్ధంపై ఒక విసురు కూడ ఉన్నది. ఆ విసురు విలువ దానికి లేకపోలేదు. అయినను ఆ రూపంలో ఒక గొంతు పల్లెపిల్లను ఉద్దేశించి మాట్లాడుతున్నది. రెండవ గొంతు సభను ఉద్దేశించి మాట్లాడుతున్నది. ఒకదాని మాట రెండవదాని చెవిన పడినట్లు లేదు. రెండు లయలు కలిసినవి. రెండు వాక్యాలు కలియలేదు. అమ్మకంలో గెలిచిన కలయిక కావ్యార్థంలో కూడ గెలిచినదని చెప్పుటకు వీలులేదనడానికి ఈ పాట రెండు రూపాలే నిదర్శనం.

మాట తెగిపోవడమంటే ఏమిటో నుస్రత్ ఫతే అలీ ఖాన్ 'మస్త్ మస్త్' చరిత్ర చెప్పుతుంది. 1990లో వెలువడిన ఈ సంపుటిని ఆయనతో కలిసి కూర్చినవాడు మైకేల్ బ్రూక్. గంటలకొద్దీ సాగే గానాన్ని చిన్న పాటలుగా కుదించేటప్పుడు కొన్ని చోట్ల పాదాలు నడుమకు తెగినవని, అర్థం చెడినదని నుస్రత్ అంగీకరించలేదని, వాటిని సవరించవలసి వచ్చినదని బ్రూక్ స్వయంగా చెప్పియున్నాడు. ఆ భాష ఎరుగని చెవికి తెగిన పాదంలో లోపమేమీ కనబడలేదు. గొంతు అందంగానే ఉన్నది, తాళం సరిపోయినది. లోపం కనిపెట్టినది గాయకుడు. ఖవ్వాలీలో ఒక పాదాన్ని మరల మరల పాడటం తాళపూరణకు కాదు. ప్రతి ఆవృత్తిలోను ఆ మాట పైననే మరొక పొర అర్థం ఏర్పడుతుంది. వినేవాడు ఆ మెట్ల మీదుగా ఎక్కుతాడు. తెగిన ముక్కను యంత్రం వందసార్లు తిప్పినను అక్కడ ఎక్కడానికి మెట్టు లేదు. ఆ పిమ్మట ఈ పాటనే బ్రిస్టల్‌కు చెందిన మాసివ్ అటాక్ బృందం మరల కూర్చినది. ఆ కూర్పు నాదసౌందర్యంలో లోపం లేనిది, ఎందరినో నుస్రత్ వైపు మళ్ళించినది. కాని అందులో కంఠం ఒక వాద్యమైనది; భాష దాని రంగు మాత్రమే అయినది. ఆ మేలునూ ఈ నష్టాన్నీ రెండింటినీ లెక్క వేయగలగడమే విమర్శకు పని.

క్లబ్బు కూర్పులలో ఎక్కువ పర్యాయాలు మొదట బలి అయ్యేది కవి పేరు. అన్నమయ్యకు వేంకటేశుడు, క్షేత్రయ్యకు మువ్వగోపాలుడు ముద్రలైనట్లు, పంజాబీ గేయకర్తలు తమ పేరునో ఊరి పేరునో కడపటి చరణంలో కూర్చే ఆచారం ఉన్నది. మాణక్ పాడిన 'తేరే టిల్లే తోఁ' వంటి కలీలను వ్రాసినవాడు దేవ్ థరీకే వాలా. ఇది కలం పేరు. థరీకే అనేది అతని ఊరు. 2022లో మరణించేవరకు అతడు వ్రాసిన గేయాలు ఎందరి గొంతులనో పోషించినవి. నృత్యశాలకు కావలసినది పల్లవి, ఒక చరణం. నాలుగవ చరణం అక్కడికి చేరదు. చరణంతోపాటు ముద్ర కూడ పోతుంది. తరువాతి తరానికి పాట కూర్పరి పేరున దక్కుతుంది. ఇక గిద్ధా బోలీలను కట్టిన స్త్రీలకు ముద్రయే లేదు. వారి పాదం ఎవరి పాటలో పల్లవియైనను అడుగువారు లేరు. హక్కుపత్రంలో పేరు లేని కర్తకు కావ్యచరిత్రలోనైన చోటు ఉండవలె గదా.

ర్యాప్‌ను పంజాబీవారే తమ భాషలో వ్రాయనారంభించిన తరువాత కథ మలుపు తిరిగినది. కరాచీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన బొహీమియా 2002లో 'విచ్ పర్‌దేసాఁ దే' సంపుటిని వెలువరించినాడు. పరదేశవాసం పంజాబీ పాటకు కొత్త విషయం కాదు. పోయినవానికై ఇంట మిగిలిన స్త్రీ పాడుకొన్నదే అందులో అధికం. బొహీమియాతో ఆ పోయినవాడు తానే నోరు విప్పినాడు. పాత పాటకు కొత్తలయ తొడిగితే జరిగే మార్పు కంటె ఇది లోతైనది. వక్త మారినాడు.

వక్త మారడం వల్ల వచ్చిన ప్రమాదం కూడ ఉన్నది. వార్‌లో వీరుడు వేరు, గాయకుడు వేరు. ఢాడీ ఎంత ఉద్రేకంగా పాడినను కత్తి దుల్లాభట్టీ చేతిలోనే ఉంటుంది. గాయకుని చేతిలో ఢడ్ మాత్రమే ఉంటుంది. ఆ దూరం వల్ల వీరం రసమవుతున్నది. ర్యాప్‌లో ప్రగల్భం చెప్పేవాడే వీరుడు. పంజాబీ గొంతులోని వార్ ఆవేశానికి ఈ 'నేను' తోడైనప్పుడు తుపాకులు, బండ్లు, కులగర్వం పాటలో అలంకారాలుగా గాక గాయకుని సొత్తుగా చెల్లుబాటు అయినవి. 2019లో పంజాబ్–హర్యానా హైకోర్టు మద్యాన్ని, మాదకద్రవ్యాలను, హింసను శ్లాఘించే పాటలు సభలలో వినిపించకుండ చూడవలసినదిగా పోలీసు అధికారులను ఆదేశించినది. న్యాయస్థానం పని న్యాయస్థానం చేసినది. విమర్శ మాత్రం తనపని చేయక ఆ తీర్పు చాటున నిలిచినది.

మాన్సా జిల్లా మూసా గ్రామానికి చెందిన సిద్ధూ మూసేవాలా విషయంలో ఈ లోటు బాగుగా తెలియవచ్చినది. ఊరి పేరునే ముద్రగా చేసికొన్న ఈ గాయకుడు కెనడాకు పోయి, 2017 నుండి పేరు గడించి, 2022 మే 29న 28 ఏళ్ళ వయస్సులో తుపాకి కాల్పులకు బలియైనాడు. అతని పాటలలో ఆయుధశ్లాఘ ఉన్నది, దానిని దాచనక్కరలేదు. 2021లో వచ్చిన '295' కూడ ఉన్నది. నాటి భారత శిక్షాస్మృతిలో మతావమానానికి సంబంధించిన సెక్షన్ సంఖ్య అది. కలీ గాయకులను గుర్తుకు తెచ్చే ఎత్తైన గొంతుతో, నిలుకడగల పాదాలతో, మాట్లాడేవాని నోరు నొక్కే సమాజాన్ని అతడు అందులో ఆక్షేపించినాడు. లయ అక్కడ వెనుకకు తగ్గి నిలిచినది. ప్రతి ద్విపాది పూర్తియై, సామెత వలె విడదీసి చెప్పుకోదగినదిగా ఉన్నది. మరణానంతరం 2022 జూన్‌లో వెలువడిన 'ఎస్.వై.ఎల్.' సట్లెజ్–యమునా కాలువ వివాదాన్ని విషయంగా గ్రహించినది. కొద్ది దినాలలోనే ఆ పాట భారతదేశంలో యూట్యూబ్‌నుండి తొలగింపబడినది. ఒకే గొంతులో ప్రగల్భమూ ఆక్షేపణా రెండూ పలికినప్పుడు, రెండింటినీ ఒక్క త్రాటన కట్టి నిందించడమో పూజించడమో విమర్శ అనిపించుకోదు. ఏ పాటలో 'నేను' వెనుక ఒక సమూహం నిలిచినదో, ఏ పాటలో అద్దం మాత్రమే నిలిచినదో వేరు చేసి చూపవలె.

అదే లయ మరొక 'నేను'కు కూడ వాహనమైనది. జట్ కులగర్వాన్ని చాటే పాటలు వెల్లువయైన కాలంలో జలంధర్‌కు చెందిన గిన్నీ మాహీ 2016 ప్రాంతాన దళితస్వాభిమానాన్ని అదే ఢోల్‌మీద, అదే ర్యాప్ ఫక్కిలో పాడినది. రవిదాస భక్తిగీతాలతో మొదలైన గొంతు అంబేడ్కర్ నామాన్ని నృత్యవేదిక ఎక్కించినది. లయకు కులం లేదు, పాదానికి ఉన్నది. విమర్శ పాదాన్ని చదువవలసిన అవసరాన్ని ఇంతకంటె స్పష్టం చేయగల ఉదాహరణ దొరకదు.

సాహిత్యసంస్థలకు ఈ రంగం పూర్తిగా పరాయిది కాదు. 'లూణా' కావ్యనాటకానికి 1967లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన శివకుమార్ బటాల్వీ తన కవితలను తానే పాడి వినిపించినవాడు. అతడు మరణించిన 43 ఏళ్ళకు, 2016లో, అతని కవిత ఒకటి 'ఉడ్తా పంజాబ్' చలనచిత్రంలో దిల్జీత్ దోసాంఝ్ గొంతున నవయువకులకు చేరినది. ఆ గాయకుడే 2023లో కాలిఫోర్నియాలోని కోచెల్లా వేదికపై పంజాబీలో పాడినాడు. 2018లో అమెరికాలో పులిట్జర్ సంగీత పురస్కారం కెండ్రిక్ లమార్ ర్యాప్ సంపుటికి దక్కినది. తెలుగున 2021కి గాను అకాడమీ పురస్కారం గోరటి వెంకన్న 'వల్లంకి తాళం'కు లభించినది. పాట పుట్టిన గొంతుకే పుస్తకగౌరవం అందినది. తలుపు తెరిచియే ఉన్నది. లోపలికి పిలువవలసిన కొలబద్ద ఇంకను తయారు కాలేదు.

ఆ కొలబద్దకు పై ఉదాహరణలే ఆధారం. కంఠం పాడిన పాదం పూర్తిగా వినబడుతున్నదా? ర్యాప్ చరణం ఆ పాదానికి బదులు పలుకుతున్నదా, ప్రక్కన నిలిచి తన మాట తాను చెప్పుకొంటున్నదా? పాటలోని 'నేను' ఎవరు? వ్రాసినవాని పేరు నిలిచినదా? ఈ నాలుగు ప్రశ్నలకు నిలిచిన పాట ఏ యంత్రం మీద మ్రోగినను కవిత్వమే. నిలువని పాట తుంబీతోను, ఢోల్‌తోను పల్లెవేషం కట్టి వచ్చినను కేవలం వేషమే.

తెలుగు రచయితలకు ఈ చర్చ దూరపుది కాదు. తెలంగాణ పల్లెపాటలు నేడు డి.జె. కూర్పులలో పెండ్లి ఊరేగింపుల వెంట నడుస్తున్నవి. వాటిని కట్టిన కూలితల్లుల పేర్లు ఎవరికిని పట్టలేదు. పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో తుమ్మెదపదాలు, వెన్నెలపదాలు, గొబ్బిపదాలు అని ఆనాటి దేశిగేయాలను పేర్కొన్నాడు. పేర్లు దక్కినవి, ఆయన విన్న పాటలు దక్కలేదు. నేటి పాటకు యంత్రం ఉన్నది, నాదం చెడకుండ నిలుస్తుంది. కాని పాఠాన్ని శుద్ధంగా వ్రాసిపెట్టి, కర్త పేరు విచారించి, అర్థం చెప్పి, మరొక భాషలోనికి తెచ్చే పని యంత్రం చేయదు. అది పంజాబీలోనైనను తెలుగులోనైనను విమర్శకుడును అనువాదకుడును చేయవలసిన పనియే.